తామర మీద రాసే ముందు



ఈ రోజు తామర గురించి మాట్లాడతాను. 'తామరేగా, ఏదో ఒక ట్యూబు రాస్తే పోతుంది' అనుకునే రోజులు పోయాయి. చర్మవ్యాధుల ఓపీలో కాసేపు కూర్చుంటే చాలు, తామరతో వచ్చేవాళ్లు ఒకరి వెనక ఒకరు కనిపిస్తారు. ఆరు నెలల నుంచి ఉందనేవాళ్లు, రెండేళ్ల నుంచి తగ్గుతూ మళ్లీ వస్తూ ఉందనేవాళ్లు. గజ్జల్లో మొదలై నడుము చుట్టూ తిరిగి, పిరుదుల మీదికి, పొట్ట మీదికి, కొందరికి ముఖం మీదికి కూడా పాకి ఉంటుంది. రాత్రి పడుకుంటే దురద నిద్రపోనివ్వదు. పగలు నలుగురిలో గోక్కోలేరు, చోటు అలాంటిది కాబట్టి ఎవరితోనూ చెప్పుకోలేరు. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు భర్తతో చెప్పడానికి సిగ్గుపడి నెలల తరబడి దాచుకుంటారు. ఈ జబ్బు ప్రాణం తీయదు. కానీ మనిషిని కుంగదీస్తుంది.

'ఇప్పటిదాకా ఏం వాడారమ్మా' అని అడిగితే సంచిలోంచి ట్యూబులు తీసి బల్ల మీద పెడతారు. సగం పిండినవి, పూర్తిగా చుట్టేసినవి, ఇంకా మూత తీయనివి. మందుల షాపులో అడిగితే ఇచ్చారు, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు రాశాడు, పక్కింటావిడకి తగ్గిందని చెప్పింది, ఇలా ఒక్కోదానికి ఒక్కో కథ. ఆ ట్యూబుల మీద సన్నని అక్షరాల్లో ఉన్న పేర్లు చదివితే చాలా వాటిలో ఒకే రకం కలగలుపు కనిపిస్తుంది. ఫంగస్‌ను చంపే మందు ఒకటి, బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ ఒకటి, వీటితోపాటు క్లోబెటసాల్ అనో, బెటామెథసోన్ అనో ఒక స్టెరాయిడ్. నేను ఇవాళ మీతో ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది ఆ చివరి మందు గురించే.

ముందు తామర అంటే ఏమిటో చూద్దాం. ఫంగస్ అంటే బూజు జాతి జీవి. వీటిలో కొన్నింటికి కెరటిన్ ఆహారం. మన చర్మం పైపొర, వెంట్రుక, గోరు మూడింటిలోనూ ఉండేది ఆ కెరటినే. తామర ఫంగస్ చర్మం లోపలికి దిగదు, పైన ఉండే మృతకణాల పొరలోనే కాపురం పెడుతుంది. ఒకచోట నాటుకుని చుట్టూ సమానంగా పాకుతుంది. మన శరీరం దాని మీద పోరాడుతుంది కాబట్టి మధ్యలో కొంత తేటపడుతుంది, అంచు మాత్రం ఎర్రగా, పొట్టుతో, చిన్న పొక్కులతో ఉబ్బి ఉంటుంది. అందుకే గుండ్రటి వలయం ఏర్పడుతుంది. ఎరుపూ దురదా శరీరం చేస్తున్న పోరాటానికి గుర్తులు.

స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. రాసిన రెండో రోజుకే దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది, 'అబ్బ, ఎంత మంచి మందు' అనిపిస్తుంది. లోపల ఫంగస్ మాత్రం అడ్డూ అదుపూ లేకుండా నివురుగప్పిన నిప్పులా పెరుగుతూనే ఉంటుంది. పూత ఆపగానే మళ్లీ వస్తుంది, ముందుకంటే ఎక్కువ మేర వస్తుంది. మళ్లీ అదే ట్యూబు. ఇలా నాలుగైదు సార్లు తిరిగేసరికి తామర తన రూపమే మార్చుకుంటుంది. వలయంలో వలయం పుడుతుంది, లేదా వలయమే లేకుండా ఎర్రగా చిమచిమలాడే చర్మం మిగులుతుంది. చూసిన డాక్టరు కూడా ఒక్కోసారి పోల్చుకోలేరు. తొడల సందుల్లో చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద ఉండేలాంటి చారలు పడతాయి. తామర నయమైనా ఆ చారలు పోవు. ఇరవై ఏళ్ల కుర్రాడి తొడల మీద వెడల్పాటి ఎర్రటి చారలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. దురద తగ్గాలని రాసుకోవడం తప్ప ఆ పిల్లవాడు చేసిన తప్పేమీ లేదు.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేననడం లేదు. సోరియాసిస్‌కి, ఎగ్జిమాకి, ఇంకా ఎన్నో చర్మవ్యాధులకి అది మాకు పెద్ద ఆసరా. క్లోబెటసాల్ పూతమందుల్లో అత్యంత బలమైన వాటిలో ఒకటి. దాన్ని ఎక్కడ, ఎన్నాళ్లు, ఎంత రాయాలో తెలిసి వాడాలి. చర్మవైద్యుల జాతీయ సంఘం దీనికోసం ఏళ్ల తరబడి పోరాడింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఈ రోజు ఏ వీధి చివరి షాపులో అడిగినా ఎంత తేలిగ్గా దొరుకుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇక రెండో సంగతి. గత పదిపన్నెండేళ్లలో మన దేశంలో తామర తీరే మారిపోయింది. ఒకప్పుడు టెర్బినాఫిన్ అనే మందు రెండు వారాలు వాడితే తామర శుభ్రంగా పోయేది. ఇప్పుడు అదే మందు అదే మోతాదులో చాలామందికి పనిచేయడం లేదు. ఫంగస్ తన కణాల చుట్టూ పొర కట్టుకోవడానికి ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారుచేసుకుంటుంది. ఆ తయారీలో ఒక ఎంజైమును టెర్బినాఫిన్ అడ్డుకుంటుంది. ఇప్పటి తామర ఫంగస్‌లో ఆ ఎంజైము జన్యువులో మార్పు వచ్చింది, మందు దానికి అతుక్కోవడం లేదు. భారత్, నేపాల్ దేశాల రోగుల నుంచి తీసిన ఈ రకం ఫంగస్‌ను 2020లో జపాన్ పరిశోధకులు వేరుగా గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో దీన్ని కనుక్కున్నారు. అమెరికాలో అధికారికంగా నమోదైన మొదటి కేసులు అవే. వాళ్లలో ఒకామె ఆ మధ్యకాలంలో విదేశాలకే వెళ్లలేదు. యూరప్‌లోనూ, గల్ఫ్ ప్రాంతంలోనూ కూడా ఇది కనిపించింది. అమెరికాలోనో, కువైట్‌లోనో ఉండి ఈ ప్రసంగం వింటున్న మన తెలుగువాళ్లు ఉంటే ఒక మాట. ఇండియా వెళ్లొచ్చాక తామర వచ్చి, అక్కడి డాక్టరు ఇచ్చిన మందుకు తగ్గకపోతే, ఇండియా వెళ్లొచ్చామని ఆ డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. తామరో కాదో తేల్చుకోవడం ఎలా?

చాలాసార్లు అనుభవమున్న కన్ను చాలు. కానీ అనుమానం ఉన్నప్పుడు, మందులు వాడినా తగ్గనప్పుడు, స్టెరాయిడ్ రాసి రూపం మారిపోయినప్పుడు ఒక చిన్న పరీక్ష ఉంది. దీనికి పెద్ద ల్యాబు అక్కర్లేదు, రక్తం తీయనక్కర్లేదు, నొప్పి లేదు. మచ్చను స్పిరిట్‌తో తుడిచి, మొద్దు బ్లేడుతో అంచును మెల్లగా గీకుతాం. మధ్యలో గీకితే లాభం లేదు, ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులోనే. పిండిలా రాలిన పొట్టును గాజు స్లైడు మీద తీసుకుని, దాని మీద పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేసి, పైన పలచటి గాజు మూత పెడతాం. పది ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ క్షారం మన చర్మకణాలను కరిగించి తేటగా చేస్తుంది. ఫంగస్ గోడలో ఉండే కైటిన్ మాత్రం దానికి లొంగదు. తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి, వెలుతురు కొంచెం తగ్గించి చూస్తే, కరిగిపోయిన కణాల మధ్య నుంచి కొమ్మలు వేస్తూ, మధ్యమధ్య అడ్డగోడలతో సన్నని పోగులు కనిపిస్తాయి. అదే ఫంగస్. వైద్యవిద్యార్థులకి మొదటిసారి ఆ పోగులు చూపించినప్పుడు వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. జబ్బును ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత తొందరగా కళ్లారా చూడగలిగే పరీక్షలు వైద్యంలో ఎన్నో లేవు. అయినా దీన్ని మనం చాలా తక్కువగా వాడుతున్నామన్నది నా బాధ.

పోగులు కనిపించనంత మాత్రాన ఫంగస్ లేదని కాదు. ముందురోజు వరకూ ఫంగస్ మందు పూసుకుని వస్తే కనిపించకపోవచ్చు. అందుకే ఏం రాసుకున్నదీ దాచకుండా చెప్పాలి, వాడిన ట్యూబులు వెంట తేవాలి. ఏ రకం ఫంగసో, ఏ మందుకు లొంగుతుందో తెలియాలంటే కల్చర్ చేయాలి. ఫ్రెంచి చర్మవైద్యుడు రేమండ్ సబురో పేరు మీద ఉన్న ఒక మాధ్యమంలో దాన్ని పెంచుతారు. ఫంగస్ నిదానంగా పెరిగే జీవి, నాలుగు వారాల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు.

గుండ్రంగా ఉన్నదల్లా తామర కాదు. ఎగ్జిమా గుండ్రంగా ఉంటుంది, సోరియాసిస్ గుండ్రంగా ఉంటుంది. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది కుష్ఠువ్యాధి. అది కూడా వలయంలా రావచ్చు. తామర విపరీతంగా దురద పెడుతుంది, కుష్ఠు మచ్చకు దురద ఉండదు, తాకినా గిచ్చినా తెలియదు. స్పర్శ లేని మచ్చ మీద నెలల తరబడి తామర మందు రాస్తూ కూర్చుంటే ఆ లోపు నరాలు దెబ్బతింటాయి, చేతివేళ్లు వంకరపోతాయి. కుష్ఠుకి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా పూర్తి వైద్యం ఉంది. కాబట్టి స్పర్శ లేని మచ్చను ఒక్కరోజు కూడా ఇంట్లో పెట్టుకోకండి.

వైద్యానికి వద్దాం. తామర చిన్నదిగా, ఒకటి రెండు చోట్లే ఉంటే స్టెరాయిడ్ కలవని ఫంగస్ పూత చాలు. మచ్చ మీద మాత్రమే కాక, అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి, ఎందుకంటే కంటికి కనపడేదాని కంటే ఫంగస్ కొంచెం ముందే ఉంటుంది. మచ్చ మాయమైన తర్వాత కూడా మరో రెండు వారాలు రాయాలి. ఎక్కువ మేర ఉంటే మాత్రలు తప్పవు. ఇప్పుడు ఎక్కువగా ఇట్రాకొనజోల్ ఇస్తున్నాం. ఆ క్యాప్సూల్ భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. గ్యాస్ బిళ్లలతో కలిపి వేసుకుంటే సరిగా పట్టదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఇది ఇవ్వకూడదు. కొలెస్ట్రాల్ బిళ్లల్లో కొన్నింటితో కలిస్తే ప్రమాదం. అందుకే మీరు వేసుకునే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి, పక్కింటివాళ్ల చీటీ చూసి మాత్రలు కొనకూడదు. ఎన్నాళ్లు వాడాలంటే కనీసం నాలుగు వారాలు, చాలామందికి అంతకంటే ఎక్కువ. దురద వారంలోనే తగ్గుతుంది. అక్కడే ఎక్కువమంది మానేస్తారు. చర్మం మీద మచ్చ పూర్తిగా పోయేదాకా మందు సాగాలి.

ఇంట్లో ఒక్కరికే వైద్యం చేస్తే లాభం లేదు. భర్తకి తగ్గేసరికి భార్యకి వస్తుంది, ఆమెకి తగ్గేసరికి పిల్లలకి. ఇంటిల్లిపాదినీ ఒకేసారి చూపించుకోవాలి. తువ్వాలు ఎవరిది వాళ్లకి. బట్టలు విడిగా వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. బిగుతు జీన్సు, లెగ్గింగులు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. తడిబట్ట ఒంటి మీద ఆరనివ్వకూడదు. మొలతాడు సంగతి కూడా చెప్పాలి. చెమటకి నాని, ఎప్పుడూ తడిగా ఉండే మొలతాడు ఫంగస్‌కి మంచి ఇల్లు. నడుము చుట్టూ గీత గీసినట్టు తామర తిరిగితే ఒకసారి మొలతాడు వైపు చూడండి. మన ఆచారాన్ని నేను తప్పుపట్టడం లేదు. తామర నయమయ్యేదాకా దాన్ని తీసేసి, తర్వాత కొత్తది కట్టుకుంటే చాలు. లంగా బొందు, చేతికి కట్టుకునే తాళ్లు, వేలి ఉంగరం కూడా అంతే.

చిన్నపిల్లల తలలో వెంట్రుకలు గుండ్రంగా ఊడి పొట్టు రాలుతుంటే పేనుకొరుకుడు అనుకుని ఇంటివైద్యం చేయకండి. అది తల తామర కావచ్చు. వెంట్రుక మూలంలోకి వెళ్లిన ఫంగస్‌కి పూతమందు అందదు, మాత్రలే వాడాలి. సిబ్బెం వేరే సంగతి. దానికి కారణమైన ఫంగస్ మనందరి చర్మం మీదా ఉండేదే. ఫంగస్ చచ్చాక కూడా తెల్లమచ్చలు రంగు తిరగడానికి నెలలు పడుతుంది, కాబట్టి మందు పనిచేయలేదని కంగారు పడి ట్యూబులు మార్చకండి. గోరు మందమై పసుపురంగు తిరిగితే అన్నీ ఫంగసే కావు, దాదాపు సగమే. గోటికి వాడే మాత్రలు నెలల తరబడి మింగాలి కాబట్టి పరీక్ష చేయకుండా మొదలుపెట్టడం నాకు నచ్చదు.

చర్మం పక్కన పెట్టి ఇప్పుడు కంటి గురించి చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూడా కథ ఇదే, నష్టం మాత్రం చాలా పెద్దది. వరికోతల కాలంలో, నూర్పిళ్ల దగ్గర, గడ్డి మోసేటప్పుడు వడ్ల పొట్టో, ఆకు అంచో కంట్లో గీరుకుంటుంది. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ లాంటి మట్టిలోని ఫంగస్‌లు ఆ చిన్న గాయంలోంచి నల్లగుడ్డు మీది పారదర్శక పొరలోకి దిగుతాయి. కన్ను ఎర్రబడి, నీరు కారి, వెలుతురు చూడలేక, రోజులు గడిచేకొద్దీ తెల్లటి పుండు ఏర్పడుతుంది. అప్పుడు ఎవరో స్టెరాయిడ్ ఉన్న చుక్కలు ఇస్తారు. ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ కంటిపొరను తొలుచుకుంటూ పోతుంది. చివరికి కంట్లో పువ్వు మిగులుతుంది, చూపు పోతుంది. ఇక్కడ కూడా అదే స్లైడు పరీక్ష పనికొస్తుంది. పుండు అంచు గీకి చూస్తే పోగులు కనిపిస్తాయి. దీనికి నాటమైసిన్ చుక్కలు ఉన్నాయి. మన దేశంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో రోగుల మీద జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. కొత్తదీ ఖరీదైనదీ అయిన వోరికొనజోల్ చుక్కల కంటే ఈ పాత నాటమైసినే మేలని, ముఖ్యంగా ఫ్యుజేరియం విషయంలో, అందులో తేలింది. పొలంలో కంటికి దెబ్బ తగిలితే ఆముదం, చనుబాలు పోయకండి. మంచినీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ పేరు విని రెండు తెలుగు రాష్ట్రాలూ వణికిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని అంటువ్యాధుల చట్టం కింద నోటిఫై చేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో చేర్చింది. నిజానికి అది ఒకరి నుంచి ఒకరికి అంటదు. మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉండేదే. అదుపులేని చక్కెర జబ్బు, కొవిడ్‌కి అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్లు, ఈ రెండూ కలిసి దానికి దారి తెరిచాయి. ముక్కులో దిగి, రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి, రక్తం గడ్డకట్టించి, అక్కడి కండను చంపేసింది. యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం మనవాళ్లు ఎంతగా తిరిగారో, ఎంతమంది కన్ను, దవడ పోగొట్టుకున్నారో చూశాం. చక్కెర ఎక్కువగా ఉన్న మనిషికి ముఖంలో ఒకవైపు నొప్పి, వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం, పళ్లు కదలడం, ఒకటి రెండుగా కనపడటం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే పెద్దాసుపత్రికి చేర్చాలి.

ఫంగస్ మందులు మన చేతిలో చాలా తక్కువ. జీవపరంగా ఫంగస్ బాక్టీరియా కంటే మనకే దగ్గరి చుట్టం. అందుకే మనిషికి హాని లేకుండా దాన్నొక్కదాన్నే చంపే మందు దొరకడం కష్టం. 1939లో ఒక బూజులో గ్రిసియోఫుల్విన్‌ను కనుక్కున్నారు, తామర మీద అది పనిచేస్తుందని తెలియడానికి 1958 దాకా పట్టింది. 1950లో అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు మట్టి నమూనాలను వెతికి నిస్టాటిన్‌ను కనుక్కున్నారు. ఒకరు న్యూయార్క్ నగరంలో, ఒకరు ఆల్బనీలో ఉండి నమూనాలను పోస్టులో పంపించుకుంటూ ఆ పని చేశారు. దాని మీద వచ్చిన రాయల్టీ అంతా పరిశోధనకే ఇచ్చేశారు. పసిపిల్లల నోటిపూతకి ఈనాటికీ ఆ మందు వాడుతున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మొదటిసారిగా, మనుషులకు ప్రమాదకరమైన 19 రకాల ఫంగస్‌ల జాబితా వేసింది. అవి మందులకు లొంగకుండా పోవడం అందులోని పెద్ద భయం. మన ఊరి తామరలో అది ఇప్పటికే జరిగింది.

మందుల షాపులు నడుపుతున్న సోదరులకు ఒక విన్నపం. మీ మీద ప్రజలకు నమ్మకం ఉంది, అర్ధరాత్రి తలుపు తట్టినా మందిస్తారు. దురద అంటూ ఎవరైనా వస్తే మూడు మందులు కలిసిన ఆ ట్యూబు ఇవ్వకండి. స్టెరాయిడ్ లేని ఫంగస్ పూత ఇచ్చి, రెండు వారాల్లో తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించుకోమని చెప్పండి. శ్రోతలకు కూడా ఒకటే మాట. ఈ రాత్రికి మీ ఇంట్లో మందుల డబ్బా తెరిచి, తామరకని దాచుకున్న ట్యూబుల మీద క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటాసోన్, బెక్లోమెథసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఇక తామర మీద రాయకండి, ఆ ట్యూబుతోనే వెళ్లి డాక్టరుకు చూపించండి. ముఖం మీదో, తొడల్లోనో నెలల తరబడి రాస్తూ ఉన్నవాళ్లకి, మానేసిన మొదటి వారం మంట, దురద పెరుగుతాయి. భయపడి మళ్లీ ఆ ట్యూబు పట్టుకోకండి. అది తగ్గుతుంది.